నలభై తెల్ల చామంతులు

మొన్న ఆదివారం సాయంత్రం ముప్ఫై మంది ఆడవాళ్ల తల్లుల్ని నేను ఒక్క వాక్యంతో చంపీసాను. అదీ మైకులో! అందులో ఒక తల్లి నాకు మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని బాదంపాలు తాగుతన్నాది. నవ్వకండి. ముందు టీ తీసుకోండి, తాగుతూ వినండి. మధ్యలో పొలమారితే నాకు సంబంధం లేదు.

అసలు నేను చేద్దామనుకున్నది మంచి పనే. ఒట్టు! మా అత్తకీ, వాళ్లమ్మకీ మాటలు కలుపుదామనుకున్నాను. అంతే.

మా అత్త సత్యవతి సంగతి మీకు తెలుసు కదా. మనసు వెన్నే, కానీ పంతం పట్టిందంటే రోలు కదిలినా ఆవిడ కదలదు. ఆ పంతం ఆవిడకి ఎక్కణ్నుంచి వచ్చిందంటే వాళ్లమ్మ అప్పలనరసమ్మ దగ్గర్నుంచి. మా ఆయనకి అమ్మమ్మ కాబట్టి నేనూ అమ్మమ్మా అనే పిలుస్తాను. ఎనభై దాటినాయి. శ్రీకూర్మం పక్కన వాళ్ల ఊళ్లో తాతా, ఆవిడా ఇప్పటికీ నువ్వులు వేస్తారు, ఆ నువ్వులు గానుగాడించి ఏటేటా మే నెలలో ఒక డబ్బా నూనె పట్టుకుని మా ఇంటికి వస్తాది అమ్మమ్మ. ఎందుకంటే మా ఇంట్లో ఆవకాయ ఆవిడే కలపాలి. ముక్కలు మేం కొట్టుకోవచ్చు, ఆవపిండి మేం ఆడించుకోవచ్చు, ఉప్పు మాత్రం ఆవిడ చేత్తోనే పడాలి. గిన్నె కొలతలేం లేవు, గుప్పెటే. "ఎన్ని గుప్పెళ్లు అమ్మమ్మా?" అని రాసుకుందామని నేను పుస్తకం తీస్తే, "ముక్కని అడుగు, సెప్తాది" అంటాది. ముక్క నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

కిందటి కార్తీకంలో ఏమైందంటే, మా అత్త రెండో జాడీ వాసెన గుడ్డ విప్పింది. విప్పి, "ఓలమ్మో!" అని కేక పెట్టింది. పైనంతా బూజు! తెల్లగా, దూది పరిచినట్టు. పెద్ద జాడీ అండీ, మళ్లీ వేసవి దాకా సరిపడా ఆవకాయ!

కోపంలో ఉన్నది ఉన్నట్టు ఫోన్ తీసి వాళ్లమ్మకి చేసీసింది. "అమ్మా, జాడీ అంతా బూజట్టీసింది. నీకు వయసైపోనాది, ఉప్పు అంచనా తప్పిపోతన్నాది" అనీసింది.

స్పీకర్లో ఉన్నాది ఫోను. అవతల్నుంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. "అలగా? అరవయ్యేళ్ల నుంచి ఆవకాయ ఎడతన్నాను. నా ఉప్పు తప్పినాదన్న మొదటి మనిసివి నువ్వే. అయితే ఇంకన్నించి నీకు అమ్మ నేదనుకో. నాను సచ్చిపోనాననుకో!" అని పెట్టీసింది.

నేను ఆ పక్కనే గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆ బూజు గురించి నాకొక ముక్క తెలుసు. కానీ నోరు మెదపలేదు. ఎందుకో తర్వాత చెప్తాను, నన్ను కంగారు పెట్టకండి.

అప్పట్నుంచి ఏడు నెలలు. ఈవిడ చెయ్యదు, ఆవిడ చెయ్యదు. మధ్యలో మా ఆయన వెళ్లొస్తే, "మీయమ్మ బాగున్నాదా?" అని ఆవిడ అడగదు. "అమ్మమ్మ ఎలగున్నాది?" అని ఈవిడ అడగదు. కానీ ఆయన చేతిలో సంచీ ఉంటే మాత్రం ఏం పంపిందో అని ఈవిడ ఓరగా చూస్తాది. సంచీలో ఉన్నవి ఏవో నాకు చెప్పమని ఆయనతో అని, వంటింట్లోంచి చెవి ఇటు పెడతాది.

మే నెల వచ్చీసింది. వీధిలో పచ్చడికాయల బండి వచ్చి వెళ్తన్నాది, అత్త తల తిప్పుకుంటన్నాది. "ఈ ఏడు మనింట్లో ఆవకాయ నేదు. బజార్లో సీసా కొనుక్కుందాం" అని ప్రకటించీసింది. సీసా! మా మావయ్య ముద్దపప్పు ముందు పెట్టుకుని గోడ వంక చూస్తూ తింటన్నాడు పాపం. ఇంకో రెండు వారాలాగితే కాయ ముదిరిపోద్ది, వాన పడిపోద్ది, ఇంక ఈ ఏటికి అంతే సంగతులు.

అప్పుడొచ్చింది నాకు ఐడియా! మే రెండో ఆదివారం మదర్స్ డే. మా అరసవల్లి కాలనీ మహిళా సంఘానికి నేనే కల్చరల్ సెక్రటరీని. ఎవరూ ఎన్నుకోలేదు, కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. కమ్యూనిటీ హాల్లో ఫంక్షన్ పెడదాం, అత్తని పిలుద్దాం, అత్తకి తెలీకుండా అమ్మమ్మని ముఖ్య అతిథిగా తెప్పిద్దాం. అందరి ముందూ అమ్మ కనిపిస్తే కూతురు కరగదా? కరిగి కౌగిలించుకోదా? సోమవారానికల్లా ఆవకాయ కలిపీరా?

మా ఆయనకి చెప్తే నెత్తి పట్టుకున్నాడు. "ఒలే గౌరీ, తల్లీకూతుళ్ల మధ్య నువ్వెందుకే? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కత్తిపీటకి ఆవకాయ కావాలండీ!" అన్నాను.

ఆ మాటకి ఆయన కూడా ఆలోచనలో పడ్డాడు. ఆయనకీ ముద్ద దిగడం లేదు కదా. "సరే, అమ్మమ్మని తీసుకురావడం వరకే నా పని. తర్వాత ఏటైనా నాకు తెలీదు" అని ఒప్పుకున్నాడు.

నేను స్కూల్లో సోషల్ టీచర్ని కదా, ఏ పండగైనా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకపోతే నాకు తోచదు. శనివారం మధ్యాహ్నం ఫోన్లో వెతికాను. పేద్ద వ్యాసం దొరికింది. అటు స్టవ్ మీద పాలు, ఇటు గేటు దగ్గర షామియానా అబ్బాయి. టకటకా నాలుగు స్క్రీన్‌షాట్లు తీసీసాను. మొదటి రెండూ చదివాను. మిగిలిన రెండూ స్టేజి మీదే చదివీద్దాంలే, కొత్తగా ఉంటాది అనుకున్నాను. నాకు తొందరెక్కువని మా అత్త పెళ్లిచూపుల నాడే కనిపెట్టింది.

నేను చదివిన మొదటిదాంట్లో ఏముందంటే, అమెరికాలో ఒకావిడ వాళ్లమ్మ చనిపోతే, తల్లులందరికీ ఒక రోజు ఉండాలని పట్టుబట్టిందట. వాళ్లమ్మ పేరు మీద చర్చిలో ప్రార్థన పెట్టించి, వచ్చినవాళ్లందరికీ వాళ్లమ్మకి ఇష్టమైన తెల్లపూలు పంచిందట. కార్నేషన్లట. అప్పట్నుంచి మదర్స్ డే నాడు పువ్వు పెట్టుకోవడం ఆచారం అయిందట. ఎంత బావున్నాది! ఇంకేం, అందరికీ తెల్లపువ్వు! పైట మీద పిన్నీసుతో పెడదాం. హాలంతా తెల్లగా మెరిసిపోద్ది, ఫొటోలు అదిరిపోతాయి!

ఆదివారం పొద్దున్నే అరసవల్లి గుడి దగ్గరకి పరుగెత్తాను. ఆదివారం ఆ గుడి దగ్గర జనం ఎలగుంటారో మీకు చెప్పక్కర్లేదు. ఆటోల మధ్యలోంచి దూరి, పూలావిడ దగ్గరకి చేరాను. "అప్పా, కార్నేషన్లు ఉన్నాయా?"

"అవేటి?" అంది ఆవిడ.

"సరేలే, తెల్ల చామంతులు? నలభై కావాలి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇది సూరినారాయణమూర్తి గుడి తల్లీ. ఆ బాబుకి ఎర్రపూలంటే ఇష్టం. ఎర్ర గులాబీలు ఇప్పుడే దిగినాయి, సూడు ఎలగున్నాయో. ఇవొట్టుకెళ్లు."

"ఎర్రవి ఒద్దప్పా! ఒక్కటి కూడా ఎర్రది రాకూడదు!"

"దేనికమ్మా పూలు?"

"అమ్మల పండక్కి."

"అమ్మల పండక్కి తెల్లపూలేటి తల్లీ! ఎర్రవి ఒట్టుకెళ్లు, నా మాట విను" అని మళ్లీ అంది. ఆ తల్లి మాట విన్నానా? వినలేదు. చదువుకున్నదాన్ని కదా! ఆవిడ గొణుక్కుంటూ వెనకాల బుట్టలోంచి ఏరి ఏరి నలభై తెల్ల చామంతులు ఇచ్చింది.

సాయంత్రం అయిదయింది. హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర నేనే నిలబడి వచ్చినవాళ్లకి వచ్చినట్టు పైట మీద చామంతి గుచ్చుతన్నాను. మా అత్త వచ్చింది, కొత్త చీర కట్టుకుని.

"ఏటే ఇది? పువ్వు తల్లో పెట్టుకుంటారు గానీ, ఇలగ భుజమ్మీద బిళ్లలాగ గుచ్చుకుంటారేటి?"

"ఆచారం అత్తా. అమెరికా ఆచారం."

"ఆల్లకి జడల్లేవేటి?" అంది. అంటూనే కదలకుండా నిలబడి గుచ్చించుకుంది. నేను స్వయంగా, ఈ చేతులతో గుచ్చాను. అది గుర్తుపెట్టుకోండి.

అమ్మమ్మని మా ఆయన వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చి స్టోర్ రూములో కూర్చోబెట్టాడు. నేను వెళ్లి దండం పెట్టాను. "తాతకి అన్నం వండి ఎట్టీసి వచ్చినాను, సీకటి పడకముందే దింపీయాల" అంది. తర్వాత చిన్నగా, ఎటో చూస్తూ, "అది వచ్చిందేటి?" అని అడిగింది.

"ఎవరు అమ్మమ్మా?" అన్నాను కావాలని.

"ఎవులో! నీకు తెలీదేటి!" అంది. అని పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. సూశారా, వచ్చింది కూతురి కోసమే! నాకు లోపల ఒకటే హుషారు. అయిపోనాది, పని అయిపోనాది, రేపు ఆవకాయ!

మైకు తీసుకున్నాను. మొదటి స్క్రీన్‌షాట్. అమెరికా ఆవిడ కథ చెప్పాను. అందరూ చక్కగా విన్నారు. వెనకనించి ఒకావిడ, "ఏడాదికి ఒక్క రోజేనా? మిగతా రోజులు అమ్మ ఎవులికీ అక్కర్లేదేటి?" అంది. ఇంకొకావిడ, "మనకి పోలాల అమాస నేదేటి? కంద పిలకకి పూజ చేసి పిల్లల కోసం మొక్కుకోమూ?" అంది. "అది అమ్మలు పిల్లల కోసం చేసే పండగ, ఇది పిల్లలు అమ్మల కోసం చేసే పండగ" అని నేను దీటుగా చెప్పాను. చప్పట్లు!

రెండో స్క్రీన్‌షాట్. ఇంగ్లండులో ఇంకా పాతకాలంలో, పెద్దవాళ్ల ఇళ్లల్లో పనిచేసే ఆడపిల్లలకి ఏడాదికి ఒక ఆదివారం సెలవిచ్చి పంపేవారట. వాళ్లు దారి పక్కన పూలు కోసుకుని, కేకు పట్టుకుని, నడుచుకుంటూ అమ్మ దగ్గరకి వెళ్లేవారట. ఇది చెప్తూ నేను అత్త వంకే చూశాను. "ఏడాదికి ఒక్కసారైనా కూతురు అమ్మ దగ్గరకి వెళ్లాలి కదండీ" అని నా సొంత మాట ఒకటి కలిపాను. అత్త తల దించుకుంది. ముక్కు ఎగబీల్చింది! నాకు వినిపించింది!

ఇదే టైము అనుకుని, "ఇప్పుడు మన ముఖ్య అతిథి, శ్రీమతి అప్పలనరసమ్మ గారు!" అని అరిచాను.

మా ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అమ్మమ్మ స్టేజి మీద కుర్చీలో కూర్చుంది. చేతికి బాదంపాలు ఇచ్చారు. మొదటి వరసలో అత్త బిగుసుకుపోయింది. ఏడు నెలల తర్వాత ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటన్నారు. అత్త కుర్చీలోంచి సగం లేచింది. ఇంకొక్క నిమిషం, ఒక్క నిమిషం నేను నోరు మూసుకుని ఉంటే అయిపోయేది కదండీ!

కానీ హాల్లో అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. మైకు చేతిలో ఉండగా నిశ్శబ్దం నేను భరించలేను. బొటనవేలు దానంతటది జరిగింది, మూడో స్క్రీన్‌షాట్ వచ్చింది. గొంతు సవరించుకుని గడగడా చదివీసాను.

"మీ పైట మీదున్న పువ్వుకి ఒక గొప్ప అర్థం ఉంది. తల్లి బతికి ఉన్నవారు ఎర్ర పువ్వు పెట్టుకుంటారు. తల్లి చనిపోయినవారు తెల్ల పువ్వు పెట్టుకుంటారు."

చదివీసాక నాకు అర్థమయింది. చదువుతున్నప్పుడు కాలేదు. అదీ నా తెలివి!

నలభై తలలు ఒక్కసారి కిందకి వంగి నలభై భుజాల వంక చూసుకున్నాయి. మన వైపు ఎలగుంటాదో మీకు తెలిసిందే కదా. తల్లీతండ్రీ బతికుండగా నువ్వులూ నీళ్లూ మాట ఎత్తనివ్వరు, తర్పణాలు జరిగే చోట నిలబడనివ్వరు. అలాంటిది, తల్లి పోయినట్టు గుర్తు గుచ్చుకుని వరసగా ఫొటోలు దిగీసారు! గ్రూపులో కూడా పెట్టీసారు!

"ఓలమ్మో! మాయమ్మ ఆమదాలవలసలో లచ్చనంగా ఉన్నాదే!" అని ఒకావిడ పిన్నీసు పీకీసింది. దాంతో మొదలు. పీకడం పీకడం! పువ్వులు నేల మీద, పిన్నీసులు చీరల్లో, ఒకావిడ పైట చిరిగింది. ఇంకోపక్క అందరూ ఫోన్లు తీసీసారు. "అమ్మా! ఏటి సేస్తన్నావే? బాగున్నావా? నిజం సెప్పు!" అని ఒకావిడ. "ఏం లేదమ్మా, ఊరికే చేశాను, ఏడుపు కాదే, జలుబు" అని ఇంకొకావిడ. ఒకావిడ వాళ్లమ్మ ఫోన్ ఎత్తకపోతే, "ఎత్తట్లేదు, ఎత్తట్లేదు" అని గుండెలు బాదుకుంటన్నాది. తర్వాత తెలిసింది, ఆవిడ పెరట్లో బట్టలు తీస్తన్నాదట. నిజంగానే తల్లి లేని ఓ పదిమంది మాత్రం నిమ్మళంగా కూర్చున్నారు.

ఇదంతా ఒకెత్తు. స్టేజి మీద అమ్మమ్మ బాదంపాల గ్లాసు కింద పెట్టింది. మెల్లగా తల తిప్పి కూతురి భుజం వంక చూసింది. మా అత్త ఏం చెయ్యాలో తోచక ఆ చామంతిని అలాగే ఉంచుకుని నిలబడిపోయింది.

"ఓహో" అంది అమ్మమ్మ. మైకు నా చేతిలో ఆన్‌లోనే ఉన్నాది, హాలంతా వినిపించింది. "నాను సచ్చిపోనాననుకోమంటే నిజంగానే అనీసుకున్నావా సత్తీ? పువ్వు కూడా ఎట్టీసుకున్నావా?"

"అయ్యో అమ్మా! నాకేటి తెలుసు! ఇదిగో, ఇదే గుచ్చింది!" అని అత్త నన్ను చూపించింది.

"కోడలు గుచ్చితే గుచ్చించుకోడానికి నువ్వేటి సిన్నపిల్లవా?"

"నువ్వు మాత్రం? ఏడు నెలల నుంచి నాకు ఫోన్ చేశావా? అమ్మ నేదనుకో అని నువ్వే అన్నావు!"

"అన్నాను! ఎందుకన్నాను? నా ఉప్పు తప్పినాదని నువ్వనబట్టి అన్నాను!" అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. కళ్లల్లో నీళ్లు. "అరవయ్యేళ్లు ఎట్టిన సెయ్యి. పోనీలే. బాబూ, బండి తియ్యి, నన్ను ఊరికి దింపీ." మా ఆయన నా వంక చూసిన చూపు నేను చెప్పలేను. ఆయన కూడా తాళాలు తీసీసాడు.

అమ్మమ్మ మెట్టు దిగుతన్నాది. గుమ్మం దాటిందంటే ఇంక ఈ జన్మకి రాదు, ఆ పంతం నాకు తెలుసు కదా. ఇటు అత్త కుర్చీ పట్టుకుని ఏడుస్తన్నాది, వెనకాల పోదామంటే కాలు రావట్లేదు, పంతం. ఆవకాయ పోతే పోయింది, నా వల్ల ఈ ముసిలావిడ ఏడుస్తూ వెళ్తాదా! ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలి?

కళ్లు మూసుకుని మైకులో అరిచీసాను. "అమ్మమ్మా, ఆగు! నీ ఉప్పు తప్పలేదు! జాడీలో తడి గరిటె పెట్టింది నేనే!"

బయట షామియానాలో కూడా స్పీకర్లు కట్టించాను. రోడ్డు మీద ఆటోవాళ్లు కూడా విన్నారట.

అదండీ సంగతి. ఇందాక తర్వాత చెప్తానన్నానే, అదే. కిందటేడు ఒకరోజు స్కూలుకి టైమైపోయి, బాక్సులో పెట్టుకుందామని కడిగిన గరిటె కడిగినట్టే ఆ రెండో జాడీలో ముంచీసాను. తుడవలేదు. అత్త చూడకముందే గబగబా వాసెన కట్టీసాను. తర్వాత బూజు పట్టినప్పుడు నాకు క్షణంలో తెలిసిపోయింది. కానీ అప్పటికే తల్లీకూతుళ్లు అంటుకున్నారు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఏడు నెలలు గడిపీసాను. మరి ఫంక్షన్ ఎందుకు పెట్టాననుకున్నారు? ఆవకాయ కోసం సగం, ఈ బరువు కోసం సగం.

అమ్మమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. "తడి గరిటా?"

అత్త ఏడుపు ఆగిపోయింది. "తడి గరిటా!"

ఒకే మాట, ఒకే గొంతు, ఇద్దరి చెయ్యీ నడుం మీదకి ఒకేసారి వెళ్లింది. ఇంక సూడండి!

"జాడీలో తడి గరిటె ఎట్టే ఆడదాన్ని నా బతుకులో సూణ్నేదు!" అని ఆవిడ.

"పెళ్లిచూపుల నాడే అన్నాను అమ్మా, ఈ గుంటకి తొందరెక్కువని! నువ్వే, పర్లేదులే నేర్చుకుంటాదన్నావు!" అని ఈవిడ.

"నానన్నానా? నీ మొగుడన్నాడు!"

"ఆయనకేటి తెలుసమ్మా! పొడి గరిటె, తడి గరిటె తేడా తెలుసా ఆయనకి?"

"టీచరట! పిల్లలకేటి సెప్తాదో!"

ఏడు నెలల మాటలు బాకీ ఉన్నాయి కదా, ఇద్దరూ కలిసి నా మీదే తీర్చీసుకున్నారు. తిడుతూ తిడుతూ ఒకళ్ల పక్కకి ఒకళ్లు వచ్చీసారు. వచ్చాక అత్త ఒక్కసారి, "నీ ఉప్పు తప్పలేదే అమ్మా, నాదే నోరు తప్పింది" అని వాళ్లమ్మ భుజం మీద పడిపోయింది. అమ్మమ్మ, "ఊరుకో ఊరుకో, సీర నలిగిపోద్ది" అంటూ తనూ ఏడ్చీసింది. హాలంతా ముక్కులు ఎగబీల్చడమే. నేనూ ఏడ్చాను, మైకు ఆఫ్ చెయ్యడం మరిచిపోయి.

తర్వాత అమ్మమ్మ అత్త భుజం మీద చామంతి తీసింది. పిన్నీసు జాగ్రత్తగా విప్పి, ఆ పువ్వుని తన ముడిలో పెట్టుకుంది. "మాయమ్మ పోయి యాభయ్యేళ్లు దాటింది. ఒక్క రోజూ దాని కోసం పువ్వెట్టుకోనేదు. ఇది నాదే" అంది. అప్పుడు మాత్రం నేను మైకు ఆఫ్ చేసీసాను.

కానీ మిగతా ఆడవాళ్ల బెంగ అలాగే ఉన్నాది. "అమ్మమ్మా, బతికున్న తల్లులకి ఇలగ అపశకునం చేసీసాం, ఏమైనా శాంతి చేయించాలేటి?" అని అడిగారు.

"శాంతేటి? పోయినారని అబద్ధం పుడితే ఆయుస్సు పెరుగుద్దని మీకు తెలీదేటి? మీ తల్లులందరికీ పదేసి ఏళ్లు కలిసొచ్చినాయి, పోండి" అంది.

అంతే! ఇందాక పీకి నేలకేసి కొట్టినవాళ్లే వంగి వంగి ఏరుకుంటన్నారు! "అది నా పువ్వు" అంటే "కాదు నాది" అని. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "గౌరీ, మాయమ్మకి బీపీ, సుగర్ కూడా ఉన్నాయమ్మా, నాకు రెండు గుచ్చు" అంది.

సోమవారం ఆవకాయ కలిపారు. తాతని కూడా మా ఇంటికే తెచ్చీసారు. అమ్మమ్మ గుప్పెటతో ఉప్పు వేస్తన్నాది, అత్త కలుపుతన్నాది, ఇద్దరూ కబుర్లే కబుర్లు. నాకేం పని ఇచ్చారంటే, పొడిగుడ్డతో మామిడికాయలు తుడవడం. అదీ వంటింటి గుమ్మం బయట కూర్చుని. మూడో రోజు తిరగ కలిపాక జాడీలు అటక ఎక్కించీసారు, నాకు అందకుండా. నాకంటూ చిన్న సీసాలో వేరేగా పెట్టారు. ఇప్పుడు అమ్మమ్మ ఊరెళ్లిపోయినా రోజూ సాయంత్రం తల్లీకూతుళ్లకి ఫోను. అమ్మమ్మ మొదట అడిగేది, "ఆ గుంట జాడీ కాడికి గానీ వెళ్లిందేటి?" అని.

అరసవల్లి పూలావిడ కూడా నిన్న కనిపించింది. ఆటోవాళ్లు చెప్పీసారట. "ఎర్రవి ఒట్టుకెళ్లమన్నానా నేదా తల్లీ?" అని బజారు మధ్యలో అడిగింది. రెండు మూరల ఎర్ర గులాబీలు కొనుక్కుని నోరు మూసుకుని వచ్చీసాను.

ఆ నాలుగో స్క్రీన్‌షాట్ మాత్రం మొన్నటిదాకా చదవలేదండీ. భయం వేసి. నిన్న ధైర్యం చేసి తెరిచాను. ఏముందో తెలుసా? ఆ పండగ మొదలుపెట్టిన అమెరికా ఆవిడే, చివరికి "ఈ పండగ ఒద్దు, తీసీయండి" అని దాన్ని ఆపించడానికే జన్మంతా తిరిగిందట. పండగంతా వ్యాపారం అయిపోయిందని బాధపడి అలగ చేసిందని రాశారు. రాసినవాళ్లకి తెలీకపోవచ్చు గానీ నాకు అర్థమైపోయింది. ఆవిడ కూడా ఎప్పుడో జాడీలో తడి గరిటె పెట్టీసి, మైకులో చెప్పీసుంటాది.